సలింబాయ్ రేవుకి ఎందుకు వెళ్తుంది

"డెలింగ్! విరిగింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

ముందు గదిలోంచి బస్యోంగ్ కేక. డెలింగ్ వంటగదిలో కొబ్బరి కోరుతోంది. పీట మీంచి లేవలేదు. చిప్ప తిప్పుతూనే చెప్పింది.

"ఎడమది. పసిగ్ వంతెన కూలినప్పుడు. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నాడు డాక్టరు. మూడో వారంలోనే నోనోయ్ ఆ చేత్తో జీపు ఎత్తించాడు."

ముందు గదిలో నవ్వులు.

"ఓరి నీ తెలివి! కట్టుతోనే ఎత్తించావుట్రా?" అన్నది మాంగ్ గోరియో గొంతు.

"నేనేం చెయ్యను పెద్దాయనా! బొమ్మలేసేవాడికి కట్టు గియ్యాలంటే బద్ధకం. అక్కనడగండి, ఏదో ఒకటి సర్దే ఉంటుంది."

సర్దింది. "వెనక బట్టల కొట్టు అద్దం ఉంది. మనం చూసింది అద్దంలో బొమ్మ. ఎత్తింది కుడి చేత్తోనే," అంది డెలింగ్.

"అదీ!" అని బస్యోంగ్ బల్ల చరిచాడు. "నోనోయ్, అద్దం అని రాసుకో." తనకే తట్టినట్టు చెప్పాడు.

చెయ్యి విరిగింది సలింబాయ్‌కి. ఆమె బొమ్మల కథలో మనిషి. పగలు సంపాలోక్ వీధుల్లో పదిళ్ళ బట్టలు ఉతుకుతుంది. ఆపద వస్తే గాలి మీద తేలుతుంది, లారీలెత్తుతుంది. బస్యోంగ్, మాంగ్ గోరియో, నోనోయ్ ముగ్గురూ ఒకే ఆఫీసుకి రాస్తారు. ముగ్గురివీ మూడు వారపత్రికలు. కానీ మూడింటిలోనూ మనీలా ఒకటే. బస్యోంగ్ కథలో వంతెన కూలితే నోనోయ్ కథలో జీపులు చుట్టు తిరిగి పోవాలి. మాంగ్ గోరియో కథలో వరదొస్తే మిగతా ఇద్దరి కథల్లోనూ గోడల మీద నీటి మరకలుండాలి. లేకపోతే చదివేవాళ్ళు ఊరుకోరు. ఉత్తరాలు రాస్తారు, తిడుతూ.

ఆ ఉత్తరాలు రావడం మొదలైన ఏడే బస్యోంగ్ డెలింగ్‌తో అన్నాడు. "నువ్వు ఖాళీగానే ఉంటావు కదా. మూడు పత్రికలూ చదివి, ఎవరెక్కడున్నారో రాసి పెట్టు."

ఖాళీ అన్న మాట ఆమెకి అప్పుడు తప్పుగా తోచలేదు. పొద్దున నాలుగున్నరకి లేచి అన్నం వార్చి, ఇద్దరు మగపిల్లల్ని బడికి పంపి, అత్తగారికి నూనె రాసి, ఉతికి, ఆరేసి, బజారుకెళ్ళి వచ్చి, మళ్ళీ వండి, ఆ మధ్యలో పావుగంట దొరికితే దాన్నే ఖాళీ అనుకుంది. ఆ పావుగంటల్లో పదకొండు నోటుపుస్తకాలు నిండాయి. ఎవరికి ఏ వారం దెబ్బ తగిలింది, ఎవరు ఎవరి అసలు పేరు తెలుసుకున్నారు, ఎవరికి ఎవరి మీద పగ. ముగ్గురూ మరిచిపోయినవన్నీ ఆమె దగ్గరున్నాయి. ఒకసారి ఆఫీసు పెద్ద ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, "బస్యోంగ్, ఏం బుర్రయ్యా నీది! ఏడేళ్ళ కిందటి సంగతి కూడా మర్చిపోవు" అన్నాడు. డెలింగ్ చేతిలో పళ్ళెం ఉంది. బస్యోంగ్ ఆమె వైపు చూడలేదు. ఆయన వెళ్ళాక మాత్రం, "నీ బుర్రా నా బుర్రా వేరేనా ఏంటి?" అన్నాడు. ఆ మాటకి సంతోషపడాలో ఏడవాలో తెలీక ఆమె గ్లాసులు కడిగింది.

ఆ ముగ్గురికీ ఒక ఆచారం ఉంది. మామూలుగా పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు వాళ్ళు పిల్ల ఇంటి మెట్లెక్కుతారు. తినడానికి ఏదో పట్టుకొచ్చి, పిల్లని ఇమ్మని అడుగుతారు. మెట్లెక్కారా అంటే అడిగారా అనే అర్థం. ఈ ముగ్గురూ దాన్ని తమాషాకి తమ పనిలోకి తెచ్చుకున్నారు. హీరోని పుట్టించినవాడు తండ్రి. ఒకడి హీరోని ఇంకొకడు తన కథలోకి తీసుకోవాలంటే తండ్రి ఇంటి మెట్లెక్కాలి. ఊరికే కనబడి పోవడానికైతే రొట్టెలు చాలు. దెబ్బ కొట్టాలంటే కోడి. తమాషాకి మొదలైంది గానీ తర్వాత తమాషాగా మిగల్లేదు. బస్యోంగ్ హీరో మార్టిల్యో, రేవులో మూటలు మోసేవాడు, పిడికిలే సుత్తి. వాణ్ణి ఇమ్మని నోనోయ్ రెండుసార్లు కోడి పట్టుకుని వచ్చాడు. బస్యోంగ్ రెండుసార్లూ కోడి తిన్నాడు, ఇవ్వనన్నాడు.

సలింబాయ్‌కి తండ్రి లేడు. ఆమెని పుట్టించిన తిబో రాయడం మానేసి ఓడలో పని దొరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఉత్తరం లేదు. అప్పట్నుంచి ఆమె కోసం ఎవరూ మెట్లెక్కలేదు. ఎవరికి కావలిస్తే వాళ్ళు తీసుకున్నారు. ఒకరు ఆమెకి మతి పోగొట్టారు. ఒకరు దొంగతో ప్రేమలో పడేశారు. ఇంకొకరు శక్తులన్నీ తీసేసి, నాలుగు వారాల తర్వాత ఎందుకు తీసేశారో మరిచిపోయి తిరిగిచ్చారు. బందీ కావలిస్తే సలింబాయ్. మార్టిల్యో గొప్ప కనబడాలంటే కింద పడేది సలింబాయ్. ఇవన్నీ ఒకే మనిషికి జరిగాయంటే ఎవరూ నమ్మరు. నమ్మేలా మధ్యలో కుట్లు వేసేది డెలింగ్.

డెలింగ్ కోసం కూడా ఎవరూ మెట్లెక్కలేదు. లూసెనాలో పిన్ని ఇంట్లో పెరిగింది. అడిగేవాళ్ళు, అడిగించుకునేవాళ్ళు లేరు. బస్యోంగ్ బస్సెక్కించి తెచ్చుకున్నాడు. అత్తగారు ఇసాంగమ్మ పదిహేడేళ్ళుగా ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్తుంది. "మోకాళ్ళ నొప్పి లేకుండా వచ్చింది మా కోడలు. మేం ఒక్క మెట్టెక్కితే ఒట్టు!"

కొబ్బరి కోరడం అయింది. పాలు పిండింది. చిలగడదుంపలు, అరటిపళ్ళు కోసి పాలల్లో వేసింది. వీధిలో ఎవరో ట్రైసికిల్ బండి ఇంజను గుర్రుమనిపిస్తున్నారు. ఉక్కగా ఉంది. ముందు గదిలో మాటలు వినబడుతున్నాయి. ఈ రోజు మాటల్లో ఏదో తొందర ఉంది. ఆమెకి చెయ్యి ఒక చోట నిలవలేదు. గరిటె పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఆఫీసు పెద్ద ఖచ్చితంగా చెప్పాడు," అంటున్నాడు బస్యోంగ్. "మార్టిల్యో చల్లబడిపోయాడు, అమ్మకాలు పడిపోయాయి. వాడికి కోపం రావాలి. మూడు పత్రికల్లోనూ ఒకే వారం పెద్ద చావు ఉండాలి."

"నా సగ్వన్‌ని ముట్టుకోకు," అన్నాడు మాంగ్ గోరియో. నది మీద తిరిగే సగ్వన్ ఆయన హీరో.

"నా వాణ్ణీ వద్దు, అన్నా," అన్నాడు నోనోయ్. "పోయినేడే కదా పుట్టాడు."

"మీ వాళ్ళని ఎవరడిగారయ్యా? సలింబాయ్ ఉందిగా."

కాగితం మీద పెన్సిలు గీసిన చప్పుడయింది, లెక్క కుదిరినట్టు.

"సరే, సలింబాయ్," అన్నాడు నోనోయ్. "రేవు గిడ్డంగిలో మందుపాతర. ఆమె వెళ్తుంది. పేలుతుంది. మార్టిల్యో శవాన్ని చేతుల మీద ఎత్తుకుంటాడు. నిండు పేజీ బొమ్మ."

"బాగుంది. ఎందుకు వెళ్తుంది?" మాంగ్ గోరియో అడిగాడు.

"రమ్మని ఉత్తరం వస్తుంది."

"మోసమని తెలీదా? ముప్ఫై ఉచ్చుల్లో పడి లేచిన మనిషి. చీమ కూడా కారణం లేకుండా అడుగెయ్యదు. కారణం చెప్పు."

"మార్టిల్యో మీద ప్రేమ."

"ఆమె ప్రేమించింది దొంగని కదరా."

"మరచిపోయింది. మతి పోయినప్పుడు."

"తర్వాత మతి వచ్చింది!"

"అబ్బా, ఆడది పెద్దాయనా! ఆడది వెళ్ళడానికి కారణం ఎందుకు? ఏడుపొచ్చి వెళ్ళిందనుకుందాం."

బస్యోంగ్ పడీ పడీ నవ్వాడు. "నీ పెళ్ళయ్యాక చెప్పు ఆ మాట." తర్వాత గొంతు పెంచాడు. "డెలింగ్! ఇలా రా ఒకసారి."

ఆమె చేతులు తుడుచుకుంది. మూడు గిన్నెల్లో దుంపల పాయసం పోసి తీసుకెళ్ళింది. కిటికీ దగ్గర ఇసాంగమ్మ రేడియో ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది. ముగ్గురూ కాగితాలు జరిపి గిన్నెలకి చోటిచ్చారు. నాలుగో కుర్చీ ఉంది. దాని మీద పాత పత్రికలున్నాయి. డెలింగ్ నిలబడింది.

"సలింబాయ్ రేవుకి ఎందుకు వెళ్తుంది? మోసమని తెలిసి కూడా," అన్నాడు బస్యోంగ్. "ఏదైనా చెప్పు. నీకు తడుతుందిగా."

ఆమెకి తట్టింది మరొకటి. నోరు ఆగలేదు. "మరి పిల్లాడో?"

"ఏ పిల్లాడు?"

ముగ్గురి మొహాలూ చూసింది. నిజంగానే గుర్తు లేదు. "సలింబాయ్ కొడుకు. మాంగ్ గోరియో, మీరే కదా రాశారు. కియాపో వరదలో, చర్చి అటక మీద కంది. మూడేళ్ళు దాటింది. ఆ తర్వాత ఎవరూ వాణ్ణి రాయలేదు."

మాంగ్ గోరియో చెంచా గిన్నెలో పెట్టేశాడు. "అయ్యో దేవుడా! అవును. కంది. నేనే కనిపించాను."

"మూడేళ్ళు! పాలు కూడా పట్టలేదు మనం," అన్నాడు నోనోయ్. ముగ్గురూ నవ్వారు.

నవ్వు సగంలో బస్యోంగ్ లేచాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఆగండి. అదే! పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. రేవులో కట్టేస్తారు. ఇక మోసమని తెలిస్తేనేం? వెళ్ళి తీరుతుంది. తల్లి కదా! ఏడుస్తారయ్యా చదివేవాళ్ళు. డెలింగ్, వాడి పేరేంటి? ఎక్కడ పెరుగుతున్నాడు? రాసి పెట్టే ఉంటావు, ఆ పుస్తకం పట్రా."

ఆమె పడకగదిలోకి వెళ్ళింది. పిలిస్తే వెళ్ళడం, తెమ్మంటే తేవడం కాళ్ళకి అలవాటు. మంచం కింద నుంచి నీలం అట్ట పుస్తకం లాగింది. కూర్చోకుండానే తెరిచింది. తన రాతే. పేరు ఇంగ్గో. గుండీలు అమ్మే పక్కింటి ముసలామె దగ్గర ఉంటాడు. వాళ్ళమ్మ పని అయ్యాక వచ్చి తీసుకెళ్తుంది. ఎత్తుకుని ఎగిరితే కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. నాలుగో ఏట తట్టు వచ్చింది, తొమ్మిది రోజులు. పేజీలు తిప్పింది. ఇవేవీ ఏ పత్రికలోనూ రాలేదు. ఎవరూ రాయమనలేదు. రెండు కథల మధ్య ఖాళీ పూడ్చడానికి ఒక వాక్యం రాసింది, దాని పక్కన ఇంకోటి, అలా వాడు నడవడం నేర్చుకున్నాడు. ఆ తట్టు తన పెద్దకొడుకుది. అప్పుడు తొమ్మిది రోజులూ బస్యోంగ్ మాంగ్ గోరియో ఇంట్లో పడుకున్నాడు, ఇంట్లో పిల్లాడి ఏడుపుకి టైపు చెయ్యడం కుదరదని. మందు వాసన, జ్వరం వాసన, తడిగుడ్డ. అవన్నీ మోసుకెళ్ళి ఆమె సలింబాయ్‌కి ఇచ్చింది. ఇంకెవరికి ఇవ్వాలో తెలీక. ఇన్నాళ్ళూ తను లెక్క రాస్తున్నాననుకుంది. లెక్క కాదు ఇది. ఇప్పుడు ఈ పుస్తకం బల్ల మీద పెడితే వాణ్ణి రేవులో స్తంభానికి కడతారు. వాడి కళ్ళు మూసుకునే అలవాటు కూడా వాడుకుంటారు, బాగుంది బాగుంది అంటూ. అడ్డం పడదామని పిల్లాణ్ణి చూపిస్తే, పిల్లాణ్ణే ఎర చేశారు. చూపించింది తనే. పదిహేడేళ్ళుగా ఇంతే. వాళ్ళకి ఏం కావాలో ముందే కనిపెట్టి చేతికందించడం. ఎవరైనా తన కథ రాస్తూ, ఈమె ప్రతిసారీ ఎందుకు వెళ్తుంది అని అడిగితే ఏం చెప్తుంది? పిలిచారు కాబట్టి. మాంగ్ గోరియో ఒప్పుకోడు. అది కారణం కాదంటాడు. గీత పెట్టి కొట్టేస్తాడు.

పుస్తకం మంచం కింద పెట్టేసింది. ఇవతలికి వచ్చింది.

"ఏదీ?" అన్నాడు బస్యోంగ్.

"తేలేదు."

"దొరకలేదా?"

"దొరికింది. సలింబాయ్ రేవుకి వెళ్ళదు."

నోనోయ్ నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు.

"పిల్లాణ్ణి కట్టేసినా వెళ్ళదా? ఏం తల్లి అది!" అన్నాడు బస్యోంగ్.

"వాణ్ణి ఎవరూ కట్టెయ్యలేరు. వాడు పుట్టాడని మీ ముగ్గురికే గుర్తు లేదు. దొంగలకెలా తెలుస్తుంది?"

మాంగ్ గోరియో గడ్డం రుద్దుకున్నాడు. "అది నిజమే," అన్నాడు మెల్లిగా. "మూడేళ్ళు ఎవరికీ కనబడలేదంటే బాగా దాచిందన్నమాట."

"మీరూరుకోండి. డెలింగ్, ఇది ఆట కాదు. మార్టిల్యోకి కోపం రావాలి. అది నా అన్నం, నీ అన్నం."

"రావాలంటే వాణ్ణే తెచ్చుకోమను. రేవులో మూటలు మోసేవాడికి కోపం రావడానికి ఇంకొకరు చావాలా?"

"ఎదురు చెప్తోంది, చూశారా?" బస్యోంగ్ మిగతా ఇద్దరితో అన్నాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "పుస్తకం తెస్తావా, నన్ను తెచ్చుకోమంటావా?"

"పుస్తకంలో ఉన్నవాడు నావాడు. కావాలంటే మెట్లెక్కి అడగాలి. మీ ఆచారమేగా."

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు మాంగ్ గోరియో. కోపంగా కాదు. "వాణ్ణి పుట్టించింది నేను. ఆ లెక్కన తండ్రిని నేనవుతాను."

"ఒక్క వారం, మాంగ్ గోరియో. వాడికి తట్టు వచ్చినప్పుడు ఎక్కడున్నారు?"

ఆయన అరవై దాటిన మనిషి. నలుగురు పిల్లల తండ్రి. చాలాసేపు తన గిన్నెలోకి చూశాడు. తర్వాత కుర్చీ జరిపి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. చెక్క మెట్లు ఒక్కొక్కటే చప్పుడు చేశాయి. కిందికి వెళ్ళిపోయాడు.

"చూశావా? పెద్దాయన్ని అవమానించి పంపించావు," అన్నాడు బస్యోంగ్.

ఆయన్ని పిలిచి క్షమించమందామా అనుకుంది డెలింగ్. కాళ్ళు మెట్ల వైపు రెండడుగులు వేశాయి కూడా. ఆపుకుంది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

మెట్లు మళ్ళీ చప్పుడు చేశాయి, ఈసారి పైకి. మాంగ్ గోరియో చేతిలో కాగితం సంచీ ఉంది. మలుపు దగ్గరి బట్టీలో కొన్న వేడి రొట్టెలు. ఆయన లోపలికి రాలేదు. గడప బయటే నిలబడ్డాడు. టోపీ తీశాడు.

ఇసాంగమ్మ మేలుకుంది. "ఏంటి గోరియో, గడప బయట నిలబడ్డావేం?"

"మెట్లెక్కి వచ్చాను ఇసాంగమ్మా. మీ కోడల్ని అడగడానికి."

"దాన్నా! ఏమడగడానికి?"

"పిల్లనీ, పిల్లాణ్ణీ."

"దానికి ఆడపిల్ల ఎక్కడిది? నీకు ఎండ దెబ్బ కొట్టింది. బస్యోంగ్, నీళ్ళివ్వు ఈయనకి."

నోనోయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాంగ్ గోరియో నవ్వలేదు. సంచీ రెండు చేతులా చాచాడు.

"అమ్మా డెలింగ్! సలింబాయ్‌నీ ఆమె కొడుకునీ మా కథలోకి ఇమ్మని అడుగుతున్నాం. రేవు దాకా. ఇస్తావా?"

డెలింగ్ సంచీ అందుకుంది. కాగితం లోంచి వేడి చేతికి తగిలింది.

"లోపలికి రండి. కూర్చోండి," అంది. "ఇవ్వను."

మాంగ్ గోరియో తల ఊపాడు. టోపీ పెట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. "తల్లి ఇవ్వనంది," అన్నాడు బల్లతో. "ఇంకోటి ఆలోచిద్దాం."

"ఇంకోటా?" బస్యోంగ్ మొహం కందిపోయింది. "ఇది వద్దంటే ఎలా? కారణం చెప్పాలి కదా. కారణం చెప్పు!"

"నువ్వు రెండుసార్లు నోనోయ్ కోడి తిని ఇవ్వనన్నావు. వాడు కారణం అడిగాడా?"

నోనోయ్ ఆమె వైపు చూసి, బస్యోంగ్ వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

డెలింగ్ నాలుగో కుర్చీ మీది పత్రికలు తీసి కింద పెట్టింది. కూర్చుంది. ఆ బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. కూర్చుంటే బల్ల అంత ఎత్తుగా ఉంటుందని ఆమెకి తెలీదు. రొట్టె తీసి తుంచింది. వేడి ఇంకా తగ్గలేదు.

"ఆఫీసులో ఏం చెప్పను?" బస్యోంగ్ గొంతు తగ్గింది. అందులో కోపం కంటే భయం ఎక్కువుంది. "చదివేవాళ్ళకేం చెప్పను? ఉత్తరం వచ్చింది, రమ్మన్నారు, అంతా ఎదురు చూస్తున్నారు. ఈమె ఎందుకు వెళ్ళలేదు?"

"పొద్దుట్నుంచీ ముగ్గురూ కూర్చుని, వెళ్ళడానికి సొంతంగా ఒక్క కారణం కనిపెట్టలేకపోయారు," అంది డెలింగ్. "వెళ్ళకపోవడానికి ఇంకో కారణం ఎందుకు?"